భక్తి పెరిగితే దయ పెరుగుతుందా? బ్లడ్ బ్యాంకులో పనిచేసిన మనిషిగా నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ కాలనీలో ఈ మధ్య రెండు గుళ్ళు, ఒక చర్చి కొత్తగా వచ్చాయి. భజనలు, ప్రార్థన కూటాలు పెరిగాయి. అయినా మొన్న పక్క వీధి ముసలాయన రోడ్డు మీద పడిపోతే చాలాసేపు ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు. ఇంకోవైపు మీ నాన్నగారేమో "దేవుడంటే భయం లేనివాడికి జాలి ఎక్కడి నుంచి వస్తుంది" అని మిమ్మల్ని దెప్పుతున్నారు. మత విశ్వాసం మనుషుల్ని చుట్టుపక్కలవాళ్ళ పట్ల దయగా మారుస్తుందా, లేదా అన్నది మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. మనసులో ఒంటరిగా ఉండే నమ్మకం వల్ల నేను చూసినంతలో పెద్ద తేడా రాదు. పదిమందితో కలిసి చేసే భక్తి వల్ల తేడా వస్తుంది, అది కూడా బాగానే వస్తుంది. కాకపోతే ఆ దయలో ఎక్కువ భాగం తమవాళ్ళు అనుకున్నవాళ్ళ దగ్గరే ఆగిపోతుంది. అందుకే మీ నాన్నగారి మాటలో సగం నిజం ఉంది, మీ కోపంలో మిగతా సగం ఉంది.

నేను ప్రభుత్వాసుపత్రి బ్లడ్ బ్యాంకులో కౌన్సెలర్‌గా చేసి రిటైరయ్యాను. కోస్తా జిల్లాల్లో రక్తదాన శిబిరాలు పెట్టించడం నా ఉద్యోగంలో సగం. గుడి మండపంలో, చర్చి వరండాలో, మసీదు పక్కన షాదీఖానాలో, సత్యసాయి సమితి హాల్లో, హీరో పుట్టినరోజుకి థియేటర్ ముందు వేసిన షామియానాలో, పార్టీ ఆఫీసులో కూడా మంచాలు వేయించాను. మతం గురించి నాకు పాండిత్యం ఏమీ లేదు. ఎవరు చొక్కా చెయ్యి మడిచారు, ఎవరు మడవలేదు అన్నది మాత్రం చూశాను.

దయను కొలవడానికి రక్తం మంచి గుర్తని నా అభిప్రాయం. గుడికి ఫ్యాన్ ఇస్తే మూడు రెక్కల మీదా పేరు రాయించుకోవచ్చు. రక్తం సంచీ మీద నంబరు, గ్రూపు తప్ప ఇచ్చినవాళ్ళ పేరు ఉండదు. అది ఎవరికి ఎక్కుతుందో ఇచ్చినవాడికి తెలియదు. పుణ్యం వస్తుందనే ఆశ ఉంటే ఉండొచ్చు, దానికి నేను అడ్డు చెప్పను. పొగడ్త మాత్రం దొరకదు.

మరి ఎవరు వస్తారు? పేరు పెట్టి పిలిస్తే వచ్చేవాళ్ళు వస్తారు. ఇన్నేళ్ళలో నాకు బలంగా అర్థమైన విషయం ఇదే. గోడకి పోస్టర్ అంటిస్తే వచ్చేది చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. అదే చర్చిలో యూత్ లీడర్ ఒకడు ఆదివారం ఆరాధన అయ్యాక "ఒరేయ్ సురేషూ, నువ్వు, మీ తమ్ముడూ ఇటు రండి" అన్నాడంటే మంచాలు ఖాళీ ఉండవు. గుడిలో అయితే ఉత్సవాల పద్దు రాసే మనిషి, మసీదులో అయితే కమిటీలో కాస్త చురుగ్గా తిరిగే కుర్రాడు. ఆ ఒక్క మనిషి ఊళ్ళో లేని రోజు, అదే గుడి, అదే భక్తులు, అదే దేవుడు, శిబిరం వెలవెలబోయేది.

ఇంట్లో రోజూ గంటల తరబడి పూజ చేసేవాళ్ళు చాలామంది ఎప్పుడూ శిబిరానికి రాలేదు. వాళ్ళు కఠినాత్ములని కాదు, వాళ్ళని ఎవరూ అడగలేదు. వెళ్ళి అడిగితే ఇచ్చేవాళ్ళు. నమ్మకం మనిషిని ఇవ్వడానికి సిద్ధంగా ఉంచుతుందేమో కానీ, కుర్చీలోంచి లేపేది మాత్రం తెలిసినవాళ్ళ పిలుపే.

దీనికి దేవుడే ఉండాలా అంటే, అక్కర్లేదు. తెలుగువాళ్ళకి ఈ విషయం వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంక్ పెట్టాక అభిమాన సంఘాలు రక్తదానాన్ని ఒక అలవాటుగా మార్చేశాయి. ఆగస్టు 22 వస్తోందంటే మా దగ్గర సంచులు ముందే సిద్ధం చేసుకునేవాళ్ళం. ఇతర హీరోల సంఘాలూ పోటీకి దిగాయి, మాకు ఆ పోటీ చాలా మంచిదైంది. సంత్ నిరంకారీ మిషన్ వాళ్ళు ఏప్రిల్ 24న తమ గురువు జ్ఞాపకంగా దేశమంతా శిబిరాలు పెడతారు. ఒకటి భక్తి, ఇంకొకటి అభిమానం, కొందరి విషయంలో ఆ రెండూ ఒకటే అనుకోండి. లోపల పనిచేసేది మాత్రం ఒకటే: ఒక తేదీ, కలిసే చోటు, పేరు పెట్టి పిలిచే మనిషి, "నువ్వు ఇవ్వలేదా?" అని అడిగే నలుగురు.

నా అనుభవం ఒక్కటే అయితే నేనింత ధైర్యంగా రాయను. అమెరికాలో రాబర్ట్ పట్నం, డేవిడ్ క్యాంప్‌బెల్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్ద సర్వేలు చేసి 2010లో పుస్తకం వేశారు. తరచూ చర్చికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ దానం చేస్తారు, స్వచ్ఛందంగా ఎక్కువ పని చేస్తారు అని వాళ్ళ లెక్కల్లో తేలింది. మతంతో సంబంధం లేని పనులకి కూడా వాళ్ళు ముందుంటారు. అయితే ఎందుకు అని తవ్వితే, దేవుడి గురించి ఏం నమ్ముతారు అన్నది దాదాపు లెక్కలోకే రాలేదు. చర్చిలో ఎంతమంది స్నేహితులు ఉన్నారు అన్నది లెక్కలోకి వచ్చింది. గట్టిగా నమ్మినా అక్కడ స్నేహితులు లేకుండా ఒంటరిగా కూర్చుని వచ్చేవాళ్ళలో ఆ తేడా కనపడలేదు.

మనకి దగ్గర్లోనే ఇంకో మంచి పరిశీలన ఉంది. ఎలినార్ పవర్ అనే ఆంత్రోపాలజిస్టు తమిళనాడులో రెండు పల్లెల్లో ఉండి, ఎవరు ఎవరికి సాయం చేస్తారో ఇంటింటికీ అడిగి పటం గీశారు. 2017లో అచ్చయింది. నలుగురి ముందు క్రమం తప్పకుండా పూజలు చేసేవాళ్ళు, మొక్కులు తీర్చేవాళ్ళు ఆ పటంలో ఎక్కువ మందితో ముడిపడి కనపడ్డారు. ఊరు వాళ్ళని మంచివాళ్ళని నమ్ముతుంది, అవసరం వస్తే వాళ్ళ గుమ్మం తొక్కుతుంది. ఇందులో నాకు నచ్చింది, ఇది రెండు వైపులా నడుస్తుంది. మంచివాడని పేరు పడ్డాక అడిగేవాళ్ళు పెరుగుతారు. అడిగేవాళ్ళు పెరిగాక కాదనలేడు. కొంతకాలానికి ఆ పేరుకి తగ్గట్టే తయారవుతాడు.

ఇక్కడ మీలాంటివాళ్ళకి ఒక అనుమానం రావాలి. అసలు దయగలవాళ్ళే గుడికి ఎక్కువ వెళ్తున్నారేమో? గుడి మార్చిందని ఎలా చెప్తాం? సరైన అనుమానమే. దీన్ని తేల్చాలంటే కొందరిని లాటరీ తీసి యాత్రకి పంపి, మిగతావాళ్ళని ఇంటి దగ్గర ఉంచాలి. అలాంటి పని ఎవరు చేస్తారు అనుకుంటాం కానీ, పాకిస్తాన్ ప్రభుత్వం ఏటా చేసేది. హజ్‌కి దరఖాస్తులు ఎక్కువ వస్తాయి కాబట్టి లాటరీ తీసేవారు. 2006 హజ్‌కి లాటరీ తగిలినవాళ్ళనీ తగలనివాళ్ళనీ కొన్ని నెలల తర్వాత ముగ్గురు ఆర్థికవేత్తలు, క్లింగింగ్‌స్మిత్, ఖ్వాజా, క్రేమర్, పోల్చి చూశారు. ఇద్దరిదీ ఒకటే భక్తి, అదృష్టం ఒక్కటే తేడా. వెళ్ళొచ్చినవాళ్ళలో నమాజు, ఉపవాసాలు పెరిగాయి. దాంతోపాటు వేరే తెగల ముస్లింల పట్ల, ఇతర మతాలవాళ్ళ పట్ల సహనం కూడా పెరిగింది. ఆడపిల్లల చదువుకి, ఆడవాళ్ళ ఉద్యోగాలకి మద్దతు పెరిగింది. మతం గట్టిపడితే మనసు ఇరుకవుతుంది అనుకునేవాళ్ళకి ఇది ఎదురు సాక్ష్యం.

కారణం ఏమిటని చూస్తే, అక్కడ వాళ్ళు ఇండోనేషియా మనిషి పక్కన, ఆఫ్రికా మనిషి పక్కన నిలబడి నమాజు చేశారు, ఆడా మగా కలిసి తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ) చేయడం చూశారు. ఊళ్ళో ఎప్పుడూ కలవని మనుషుల్ని కలిశారు. అంటే యాత్ర వాళ్ళ గుంపు సరిహద్దుని కాస్త అవతలికి జరిపింది. నేను ఈ పరిశోధన గురించి పదేపదే మాట్లాడతాను, ఎందుకంటే మీ కాలనీలో గుళ్ళు పెరిగినా ఏమీ మారకపోవడానికి జవాబు ఇందులో ఉంది. కొత్త గుడిలో కలిసేది పాత మనుషులే అయితే, కొత్తగా ఎవరి మీద దయ పుడుతుంది?

మారిషస్‌లో తమిళుల తైపూసం ఉత్సవంలో ఇంకో ప్రయోగం చేశారు, 2013లో వచ్చింది. ఒళ్ళంతా శూలాలు గుచ్చుకుని కావడి మోసినవాళ్ళకీ, మామూలు ప్రార్థనలో కూర్చున్నవాళ్ళకీ కొంత డబ్బిచ్చి, ఎవరూ చూడకుండా అందులో ఎంత దానం చేస్తారో చూశారు. కావడి మోసినవాళ్ళు ఎక్కువ ఇచ్చారు, వాళ్ళ వెంట నడిచి చూసినవాళ్ళు కూడా ఎక్కువే ఇచ్చారు. మన జాతరల్లో నిప్పుల గుండం తొక్కేవాళ్ళని చూసినవాళ్ళకి ఇది ఆశ్చర్యం కలిగించదు. అయితే ఒక మెలిక ఉంది. ఆ దానం వెళ్ళింది ఆ గుడికే.

అసలు సమస్య అక్కడే మొదలవుతుంది: దయ ఎంత ఉంది అన్నది కాదు, ఎక్కడిదాకా వెళ్తుంది అన్నది.

రక్తం ఎక్కించబోయే ముందు రోగి బంధువులు నన్ను గొంతు తగ్గించి అడిగిన ప్రశ్న ఒకటుంది: "ఇది ఎవరి రక్తం సార్?" గ్రూపు అడుగుతున్నారనుకునేరు. కాదు. అడిగేవాళ్ళలో హిందువులున్నారు, క్రైస్తవులున్నారు, ముస్లింలున్నారు, నుదుటి నిండా విభూతి ఉన్నవాళ్ళున్నారు, ఏ దేవుణ్ణీ పట్టించుకోనివాళ్ళూ ఉన్నారు. "తెలియదండీ, మాకూ తెలియదు" అనేవాణ్ణి. నిజం కూడా అదే. ఆ మాట తర్వాత వద్దన్నవాళ్ళని మాత్రం నేను చూడలేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు సరిహద్దులు చాలా తొందరగా చెరిగిపోతాయి, డిశ్చార్జి అయ్యాక మళ్ళీ గీసుకుంటారు.

అమెరికా సర్వే సంస్థ ప్యూ రీసెర్చ్ సెంటర్ దాదాపు 30,000 మంది భారతీయుల్ని అడిగి 2021లో విడుదల చేసిన సర్వే ఈ రెండు ముఖాల్నీ ఒకేసారి చూపించింది. అన్ని మతాల్నీ గౌరవించడం నిజమైన భారతీయుడికి చాలా ముఖ్యం అన్నవాళ్ళు 84 శాతం. అదే సర్వేలో హిందువుల్లో 36 శాతం మంది పక్కింట్లో ముస్లిం ఉంటే ఒప్పుకోం అన్నారు. ఇల్లు అద్దెకి వెతికినవాళ్ళకి ఈ అంకెలు కొత్తేమీ కావు. నోటితో గౌరవం, గేటు దగ్గర "మీరు ఏమిట్లు?" కొన్ని ఊళ్ళలో ఒకే క్రీస్తుని కొలిచే మాలలకి ఒక చర్చి, మాదిగలకి ఒక చర్చి. గుళ్ళో దళితుల్ని గర్భగుడి మాట దేవుడెరుగు, గుమ్మం దాకా కూడా రానివ్వని ఊళ్ళ గురించి పేపర్లో ఇప్పటికీ చదువుతూనే ఉన్నాం. వీళ్ళెవరూ భక్తి తక్కువైనవాళ్ళు కాదు.

నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగలో హిందువులూ ముస్లింలూ చెరువులో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఉగాదికి దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వెళ్ళి మొక్కుకుంటారు. ఇలాంటివి ఉన్నాయి, ఉండటం మంచిది. కానీ ఒకరోజు చెరువులో కలిసినంత మాత్రాన అద్దె ఇంటి గేటు తెరుచుకోదు. ఏడాది పొడవునా కలిసి చేసే పని ఏదైనా ఉండాలి.

ఆ సరిహద్దు దాటినవాళ్ళు మన దగ్గర తక్కువేం లేరు. కోనసీమలో లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళాపాళా, కులం గోత్రం చూడకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆమె పేరే పెట్టారు. ఆమెది పూర్తిగా సంప్రదాయ భక్తి. ఆమె భక్తిని ఆమె ఇరుకు చేసుకోలేదు, అంతే.

వీరేశలింగం గారి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో ఆయన మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆయన్నీ, పెళ్ళికి వచ్చినవాళ్ళనీ వెలివేసినవాళ్ళు దైవభక్తులే. ఆయనా దైవభక్తుడే, బ్రహ్మసమాజం మనిషి. డబ్బు సాయం చేసిన కాకినాడ పైడా రామకృష్ణయ్య గారూ నాస్తికుడేమీ కాదు. ఒకే పెళ్ళి, రెండు వైపులా దేవుడు. కాబట్టి ఎవరైనా "మతం దయని పెంచుతుంది" అన్నా, "చంపుతుంది" అన్నా, ఏ వైపు మతం అని అడగండి.

మీ నాన్నగారికి చెప్పడానికి మాత్రం గోరా గారి పేరు పనికొస్తుంది. గోపరాజు రామచంద్రరావు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడకి మార్చారు. అంటరానితనానికి ఎదురుగా సహపంక్తి భోజనాలు పెట్టించారు. గాంధీజీతో కూర్చుని దేవుడు లేడని వాదించి కూడా ఆయన అభిమానం సంపాదించారు. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది పోయినప్పుడు అక్కడ శవాలు ఎత్తినవాళ్ళలో, గుడిసెలు వేసినవాళ్ళలో ఆర్‌ఎస్‌ఎస్ స్వయంసేవకులున్నారు, క్రైస్తవ సంస్థలున్నాయి, నాస్తిక కేంద్రం వాళ్ళూ ఉన్నారు. దేవుడి విషయంలో ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు అదే బురదలో పనిచేశారు. వాళ్ళందరికీ ఉమ్మడిగా ఉన్నది ముందే తయారుగా ఉన్న సంఘం, ఒక మాట చెబితే కదిలే మనుషులు. కరోనా రెండో ఏడు తిరుపతిలో ముస్లిం యువకులు హిందువుల మృతదేహాలకి హిందూ పద్ధతిలోనే దహనం చేసింది కూడా ఇలాంటి సంఘం ఉండబట్టే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ విషయం మీద ఫోన్లో తిరిగేవన్నీ నమ్మకండి, మీకు నచ్చేవి అసలే నమ్మకండి. మతం ఉన్న ఇళ్ళ పిల్లలు తక్కువ పంచుకుంటారని 2015లో ఒక పరిశోధన పేపరు వచ్చి నాస్తిక మిత్రులందరూ తెగ పంచుకున్నారు. అందులో దేశాలకి ఇచ్చిన గుర్తు నంబర్లని నిజమైన అంకెల్లా లెక్కలో కలిపేశారు. 2019లో ఆ పేపర్ని వెనక్కి తీసుకున్నారు. అలాగే దేవుడికి సంబంధించిన పదాలు గుర్తుచేస్తే చాలు జనం ఎక్కువ ఇచ్చేస్తారని 2007లో వచ్చిన పేరున్న ప్రయోగాన్ని, తర్వాత పెద్ద ఎత్తున మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు.

ఇక మీ పక్క వీధి ముసలాయన. 1973లో అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో పాస్టర్లుగా శిక్షణ పొందుతున్న 40 మంది మీద డార్లీ, బాట్‌సన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. కొందరికి, దారిలో పడి ఉన్న మనిషిని ఆదుకున్న మంచి సమరయుడి కథ మీద ప్రసంగించమని చెప్పారు. ప్రసంగానికి వెళ్ళే దారిలో ఒక మనిషిని దగ్గుతూ మూలుగుతూ పడి ఉండేలా కూర్చోబెట్టారు. తొందర లేదని చెప్పినవాళ్ళలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయింది పరిగెత్తండి అని చెప్పినవాళ్ళలో ఆగింది 10 శాతం. బుర్రలో సమరయుడి కథే తిరుగుతున్నా పెద్ద తేడా పడలేదు. మీ కాలనీవాళ్ళు భక్తి లేక ఆగలేదో, భక్తి ఉండి ఆగలేదో అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. పొద్దున్న తొమ్మిదింటికి ఆఫీసు టెన్షన్‌లో ఉన్నవాడు, పోలీసు కేసవుతుందేమో అని భయపడేవాడు ఆగడు. నేను ఈ ప్రయోగం గురించి చదవకముందే మా శిబిరాలు ఆరాధన తర్వాత, భజన అయ్యాక, జుమా నమాజు తర్వాత పెట్టేవాళ్ళం, ముందు ఎప్పుడూ పెట్టలేదు. ముందైతే అందరికీ తొందరే.

మీ నాన్నగారితో దేవుడున్నాడా లేడా అన్న వాదన వదిలేయండి, అది తెగేది కాదు. ఆయన్ని ఆయన వెళ్ళే గుడి కమిటీ దగ్గరికి మీరే తీసుకెళ్ళి, ఒక రక్తదాన శిబిరం పెట్టిద్దాం అనండి. ఒక షరతు పెట్టుకోండి: పక్కనున్న చర్చివాళ్ళనీ, మసీదువాళ్ళనీ అదే శిబిరానికి పిలవాలి, అదీ కరపత్రంతో కాదు, ఇద్దరు మనుషులు వెళ్ళి పేరు పెట్టి పిలవాలి. దేవుడి మీద మీకు నమ్మకం లేకపోతే ఆ ఇద్దరిలో ఒకరు మీరే అవ్వండి. కమిటీలో ఒకరిద్దరు ముఖం చిట్లిస్తారు. చిట్లించనివ్వండి, భోజనాల ఖర్చు వాళ్ళ చేతే పెట్టించండి, తర్వాత వాళ్ళే ఫొటోలో ముందుంటారు.

తేదీ పెట్టేటప్పుడు కార్తీక సోమవారాలు, ఏకాదశులు తప్పించండి. ఖాళీ కడుపుతో రక్తం తీసుకోరు. రంజాన్ నెలలో అయితే ఇఫ్తార్ అయ్యాక రాత్రి పెట్టుకోవచ్చు, మీ బ్లడ్ బ్యాంకువాళ్ళని ముందే అడగండి. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్ళకి మూడు నెలలు, ఆడవాళ్ళకి నాలుగు నెలలు విరామం కావాలి. ఎండాకాలం, పరీక్షల సెలవుల్లో మా ఫ్రిజ్‌లు ఖాళీ అయిపోతాయి, కాబట్టి వీలైతే ఏప్రిల్, మే నెలల్లో పెట్టండి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకి మించి నిల్వ ఉండవు, అందుకని ఒకేరోజు రెండు వందల మందిని పోగేసే కన్నా నెలకో యాభై మంది వస్తే బ్లడ్ బ్యాంకుకి చాలా మేలు.